తేలే కప్పు ఎందుకు ఒరుగుతుంది?

1908 సెప్టెంబరు ఆఖర్న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తిన సంగతి తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ముందుపెట్టిన వాన లెక్కల్లో శంషాబాదు అంకె కళ్లు చెదిరేలా ఉంటుంది: 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు. ఇప్పటి కొలతల్లో ఒక్కరోజుకు 325 మిల్లీమీటర్లు, రెండు రోజులకు 480.

చమురు ట్యాంకుల గురించి చెబుతూ ఈ వాన గొడవేమిటని అడగొచ్చు. పెట్రోలు ట్యాంకుల్లో చాలావాటికి కప్పు గోడల మీద ఉండదు, పెట్రోలు మీదే తేలుతూ ఉంటుంది. అలాంటి కప్పుల రూపకల్పనకు ప్రపంచమంతా చూసే ప్రమాణం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఎపిఐ 650. వాననీరు దిగే డ్రెయిన్ పూర్తిగా మూసుకుపోయినా, 24 గంటల్లో పడే 10 అంగుళాల వానను, అంటే 250 మిల్లీమీటర్లను, కప్పు మునగకుండా మోయాలని అది అంటుంది. తేలే కప్పు అనేది అమెరికాలో 1920లలో పుట్టింది. అది పుట్టకముందే శంషాబాదు వాన ఆ అంకెను దాటేసింది.

ఇదేదో వందేళ్ల కిందటి వింత అనుకోవడానికీ లేదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలో ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లు నమోదైంది. ఘట్‌కేసర్, చర్లపల్లి వైపు ఏముంటాయో హైదరాబాదు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నగరానికి పెట్రోలు, డీజిలు అందించే చమురు కంపెనీల టర్మినళ్లు అక్కడే ఉన్నాయి. విశాఖ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదు దాకా హెచ్‌పీసీఎల్ వేసిన 572 కిలోమీటర్ల పైప్‌లైన్ ముగిసేది కూడా అటే. 250 అనేది కనీసపు అంకె మాత్రమే. స్థానిక వానలు అంతకంటే ఎక్కువైతే ట్యాంకు కొనేవారు ఎక్కువ అంకె అడగవచ్చని ప్రమాణమే చెబుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల కొత్త ట్యాంకుకు టెండరు రాసేవారు 250 దగ్గర ఆగితే అది బద్ధకమే అని నా అభిప్రాయం.

ముందుగా ఒక అపోహ తీర్చుకుందాం. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు తరలాయి. విమానాశ్రయం అనగానే పెద్ద ఇంధన ట్యాంకులు గుర్తొస్తాయి, వాటికీ తేలే కప్పులే ఉంటాయనిపిస్తుంది. కానీ విమాన ఇంధనానికి సాధారణంగా బహిరంగంగా తేలే కప్పు వాడరు. ఏటీఎఫ్ అనే ఈ విమాన ఇంధనం కిరోసిన్ జాతి ద్రవం. దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 38 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. మన పెట్రోలియం నియమాల ప్రకారం అది 'బి' తరగతి. పెట్రోలు 'ఎ' తరగతి, ఎంత చల్లటి రోజైనా దాని పైన మండే ఆవిరి ఉంటుంది. ఏటీఎఫ్ అంతగా ఆవిరి కాదు కాబట్టి మామూలు శంకువు కప్పు చాలు. పైగా ఏటీఎఫ్‌కు అసలు శత్రువు నీరు. పది కిలోమీటర్ల ఎత్తున గడ్డకట్టే చలిలో ఇంధనంలోని నీరు మంచు పలుకులై ఫిల్టర్లకు అడ్డుపడుతుంది. ట్యాంకు అడుగున నీరు నిలిస్తే నీటికీ ఇంధనానికీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అంచు సందులోంచి వాన చొరబడే కప్పు అలాంటి ఇంధనానికి ఎవరు పెడతారు? అందుకే గట్టి కప్పు వేసి, అడుగును మధ్యలోకి వాలుగా కట్టి, అక్కడ చేరిన నీటిని రోజూ తీసేస్తారు. ఇంధనాన్ని మాత్రం పైపొర దగ్గర తేలే ఒక గొట్టంతో తోడతారు. మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదు ఎండకు ట్యాంకులోని ఏటీఎఫ్ ఫ్లాష్ పాయింట్‌కు ఎంత దగ్గర పడుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్నే. అంత పెద్ద ద్రవరాశి గాలంత తొందరగా వేడెక్కదు కాబట్టి సరిపోతోంది.

పెట్రోలు సంగతి వేరు. గట్టి కప్పున్న ట్యాంకులో పెట్రోలు పోస్తే పైన ఖాళీ జాగా ఆవిరితో నిండుతుంది. పగటి వేడికి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి గాలి పీలుస్తుంది. సరుకూ పోతుంది, పైన మండే మిశ్రమమూ తయారవుతుంది. ఆ ఖాళీ జాగానే లేకుండా చేయడం తేలే కప్పు పని. ద్రవం ఎక్కితే కప్పు ఎక్కుతుంది, దిగితే దిగుతుంది. కప్పు అంచుకూ గోడకూ మధ్య వదిలే జానెడు సందును సీలు మూస్తుంది.

కప్పులో రెండు రకాలు ముఖ్యం. ఒకటి, చుట్టూ గదులు గదులుగా విడగొట్టిన బోలు వలయం, మధ్యలో పల్చటి ఒకేపొర రేకు. ఆ వలయాన్ని పాంటూన్ అంటారు. రెండోది, మొత్తం కప్పే రెండు పొరల మధ్య గదులతో కట్టినది. రెండోది ఖరీదు, గట్టిది. మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది, ఎక్కువ ఒరిగేదీ అదే.

ఇక లెక్క. మధ్య రేకు కనీస మందం సుమారు 5 మిల్లీమీటర్లు. ఉక్కు చదరపు మీటరుకు 39 కిలోలు తూగుతుంది. పెట్రోలు సాంద్రత 0.73 అనుకుంటే ఆ రేకు 5.4 సెంటీమీటర్ల లోతు పెట్రోలును తప్పిస్తే చాలు, తేలుతుంది. ఆర్కిమిడీస్ ఇంతవరకు మనవైపే ఉన్నాడు. ఇప్పుడు 40 మీటర్ల వ్యాసమున్న ట్యాంకు తీసుకోండి. వైశాల్యం 1,257 చదరపు మీటర్లు. దాని మీద 250 మిల్లీమీటర్ల వాన నిలిస్తే 314 టన్నులు. శంషాబాదులో కురిసిన 325 మిల్లీమీటర్లయితే 408 టన్నులు. పల్చటి రేకు ఆ బరువుకు మధ్యలో పొట్టలా కిందికి దిగుతుంది. దిగుతూ చుట్టూ ఉన్న పాంటూన్ వలయాన్ని లోపలికి లాగుతుంది. వలయం నొక్కుకుపోయి ఒకచోట ముడుచుకుంటే ఇక అది వలయం కాదు. వాన తగ్గాక నీరు తోడేసినా ఆ ముడత పోదు.

నీరు సమంగా నిలిచినంతసేపూ కప్పు లోతుకు దిగుతుంది తప్ప ఒరగదు. నీరు సమంగా నిలవదు, చిక్కంతా అక్కడే ఉంది. గంగాళంలో తేలుతున్న పళ్లెంలో గ్లాసెడు నీళ్లు పోసి ఒక అంచును వేలితో తాకి చూడండి. నీళ్లు ఆ పక్కకే చేరతాయి, చేరిన నీళ్లు ఆ పక్కను ఇంకా ముంచుతాయి. కప్పు మీద నీరు కూడా అంతే. ఇందులో ఒక మోసం ఉంది. డ్రెయిన్ గుంట కప్పు మధ్యలో ఉంటుంది, మధ్యే పల్లమని నమ్మి పెడతారు. కప్పు ఒరిగిన క్షణం నుంచి పల్లం అంచుకు మారుతుంది. డ్రెయిన్ శుభ్రంగా తెరిచే ఉన్నా నీరు దాని దగ్గరికి రాదు. తనను కాపాడాల్సిన సాధనాన్ని ఒరిగిన కప్పు తానే పనికిరాకుండా చేసుకుంటుంది.

2017 ఆగస్టులో హార్వే తుపాను టెక్సస్‌లో నిలిచిపోయి రోజుల తరబడి కురిసింది. ఒకచోట మొత్తం వాన 1,500 మిల్లీమీటర్లు దాటింది. హ్యూస్టన్ చుట్టుపక్కల డజనుకు పైగా ట్యాంకుల తేలే కప్పులు దెబ్బతిన్నాయి. బేటౌన్‌లోని ఎక్సాన్‌మొబిల్ రిఫైనరీలో ఒక కప్పు పాక్షికంగా మునిగింది. అక్కడివి కొత్తగా నేర్చుకుంటున్న కంపెనీలు కావు, ప్రమాణం రాసిన దేశమే అది.

వానను తప్పు పట్టడం సులువు. నిజానికి ఒరిగిన కప్పు దగ్గర కప్పునే తిట్టడం మామూలు. నేను మాత్రం కప్పు కంటే ముందు దాని చుట్టూ ఉన్న గోడనూ, కింద ఉన్న నేలనూ అనుమానిస్తాను. హైదరాబాదు నేల గ్రానైటు. ఎగుడు దిగుడు బండనేలను చదును చేయాలంటే ఒకచోట తొలచి, ఇంకోచోట మట్టి పోసి నింపాలి. ట్యాంకు సగం బండ మీద, సగం పోసిన మట్టి మీద పడితే బండవైపు కదలదు, మట్టివైపు కుంగుతుంది. ట్యాంకు మొత్తం సమంగా కుంగినా, ఒకపక్కకు చదునుగా వాలినా కప్పుకు పెద్ద ఇబ్బంది లేదు. ద్రవమట్టం ఎలాగూ సమంగానే ఉంటుంది. అడుగు అంచు అలలా వంకర తిరిగితేనే ప్రమాదం. కింద గోడ అంచులో వేళ్లతో కొలిచేంత వంకర పైకి వెళ్లేసరికి పెరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సిన పైభాగం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. అప్పుడు ఒకవైపు సీలు గోడకు ఒత్తుకుపోతుంది, ఇంకోవైపు సందు తెరుచుకుంటుంది. ఒత్తుకున్న వైపు కప్పు పట్టేస్తుంది. కొత్త ట్యాంకులో సరుకు పోయకముందు నీళ్లు నింపి చుట్టూ కుంగుదల కొలిచేది ఇందుకే. ఆ పరీక్షలోనే కప్పు అడుగు నుంచి పైదాకా తడబడకుండా ఎక్కిందా అని కూడా చూడాలి.

ఒరిగిన కప్పు గోడల మధ్య ఇరుక్కుంటుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అలా తేలదు. 40 మీటర్ల కప్పు ఒకపక్కకు నిండు మీటరు వాలినా దాని అడ్డుకొలత తగ్గేది 12 మిల్లీమీటర్లే. అంచు సందులో అది లెక్కలోకి రాదు. ఇరుక్కునేది వేరేచోట. కప్పు గిరగిరా తిరగకుండా ట్యాంకులో నిలువునా ఒక గైడ్ స్తంభం ఉంటుంది, కప్పులోని రంధ్రం గుండా పోతుంది. కప్పు వాలితే ఆ రంధ్రం అంచు స్తంభాన్ని కరుచుకుంటుంది. గోడ పై నుంచి కప్పు మీదికి దిగే చక్రాల నిచ్చెన ఉంటుంది. చక్రాలు పట్టాల మీంచి జారితే ఆ నిచ్చెన కూడా ఒకపక్క బరువై కూర్చుంటుంది. ఇలా పట్టేసిన కప్పు కింద నుంచి సరుకు తోడుతూ పోతే కప్పు గాల్లో వేలాడుతుంది, కింద గాలీ ఆవిరీ చేరతాయి. తర్వాత ఒక్కసారిగా ఊడిపడుతుంది. ట్యాంకు నింపుతున్నప్పుడు పట్టేస్తే పెట్రోలు అంచు మీదుగా పైకెక్కుతుంది.

పాంటూన్ గదుల లీకు మూడో అనుమానితుడు. అదే 40 మీటర్ల కప్పుకు 3 మీటర్ల వెడల్పు వలయం, అందులో 16 గదులు ఉన్నాయనుకుందాం. ఒక్కో గది వైశాల్యం దాదాపు 22 చదరపు మీటర్లు. వలయం 20 సెంటీమీటర్లు మునిగి ఉంటే, ఒక్క గదిలోకి పెట్రోలు చేరినా అక్కడ మూడు టన్నులకు పైగా తేలే బలం పోయినట్టే. పక్కపక్కనే రెండు గదులు, మధ్య రేకు కలిపి చిల్లులు పడినా తేలాలని ఎపిఐ 650 అడుగుతుంది. ఆ అడగడంలో అనుభవం ఉంది. అతుకులు తుప్పు పట్టేటప్పుడు ఒక గదితో ఆగవు.

నాలుగోది కనిపించని వాయువు. పైప్‌లైన్‌లో సరుకు వెనక గాలి బుడగలు వచ్చి ట్యాంకులో చేరితే అవి రేకు కిందే చిక్కుకుని ఒకపక్కను పైకి లేపుతాయి. ఐదోది మనుషులు చేసేది. ట్యాంకు ఖాళీ అయినప్పుడు కప్పు కాళ్ల మీద నిలబడుతుంది. కాళ్లకు రెండు ఎత్తులుంటాయి. మామూలు రోజులకు తక్కువ ఎత్తు, మరమ్మతుకు మనిషి పట్టే ఎత్తు. కొన్ని కాళ్ల పిన్నులు ఒక ఎత్తులో, మిగతావి ఇంకో ఎత్తులో పెట్టి ట్యాంకు దించితే ఆ కప్పు ఇక ఎప్పటికీ చదునుగా ఉండదు. కప్పు కాళ్ల మీద కూర్చున్నాక గాలి లోపలికి రావడానికి తెరుచుకోవాల్సిన వెంటు బిగుసుకుపోతే, ఇంకా తోడుతున్న పంపు కింద శూన్యం పుట్టిస్తుంది. రేకు కిందికి పీల్చుకుపోతుంది.

గాలి మాత్రం తొందరపడదు. బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్‌లో 78 మీటర్ల వ్యాసమున్న అమోకో ముడిచమురు ట్యాంకు కప్పు, గాలికి ఏళ్ల తరబడి అలలు అలలుగా ఊగి పగుళ్లు తీసింది. పగుళ్లలోంచి చమురు పైకి ఊరింది. 1983 ఆగస్టు 30న దగ్గర్లో వాయువులు మండించే ఫ్లేర్ గొట్టం నుంచి ఎగిరిన నిప్పుకణాలు పడి అంటుకుందని తేల్చారు. భూకంపం మరీ విచిత్రంగా పనిచేస్తుంది. 40 మీటర్ల ట్యాంకులోని ద్రవం ఒకసారి ఇటూ అటూ ఊగడానికి సుమారు 7 సెకన్లు పడుతుంది. దూరపు పెద్ద భూకంపాల నెమ్మది అలల కాలం కూడా అంతే. 2003 సెప్టెంబరు 26న జపాన్‌లో తొకాచి తీరాన భూకంపం వస్తే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని తొమకొమాయిలో ఇదెమిత్సు రిఫైనరీ ట్యాంకులు ఉయ్యాలలూగాయి. ఒక నాఫ్తా ట్యాంకు కప్పు మునిగింది. నాఫ్తా మీద నురుగు కప్పి ఉంచారు, గాలికి నురుగు చెదిరింది. 28న అంటుకుని దాదాపు 44 గంటలు కాలింది. హైదరాబాదుకు ఆ భయం తక్కువ. మనకు వాన చాలు.

మరి కప్పు ఒరిగిందని ఎలా తెలుస్తుంది? కంట్రోల్ రూము తెర మీద తెలియదు. అక్కడ కనిపించేది ఒకేచోట కొలిచిన ద్రవమట్టం. తెర మీది ఒక్క అంకెను నమ్మితే ఏమవుతుందో లండన్ దగ్గరి బన్స్‌ఫీల్డ్ చమురు డిపో చూపింది. 2005 డిసెంబరు 11న అక్కడ 912వ నంబరు పెట్రోలు ట్యాంకు గేజీ ఒకచోట ఆగిపోయింది, ట్యాంకు నిండి పొర్లింది, పేలింది. ఆ డిపో కాలిపోవడంతో హీత్రూ విమానాశ్రయంలో విమానాలకు ఇంధనం కోటాల కింద పంచాల్సి వచ్చింది. పెట్రోలు ట్యాంకు గొడవ విమానాశ్రయానికి పట్టదనుకోకూడదు.

కప్పు వాలును పట్టేది పాతకాలపు టేపే. ట్యాంకు పై అంచు చుట్టూ సమాన దూరాల్లో ఎనిమిది గుర్తులు పెట్టి, ఒక్కోచోట పై అంచు నుంచి కప్పు అంచు దాకా లోతు కొలవాలి. ఆ ఎనిమిది అంకెలు చాలా కథ చెబుతాయి. ఒకవైపు ఎక్కువ, ఎదురువైపు తక్కువ, మధ్యలో మెల్లగా మారుతూ ఉంటే కప్పు ఆకారం చెడలేదు, ఒరిగింది అంతే. ఒకటి రెండు చోట్ల మాత్రమే అంకె హఠాత్తుగా మారితే అక్కడ పాంటూన్ వంగింది. ఇప్పుడు ద్రవమట్టం మారాక మళ్లీ కొలవాలి. వాలు ఏ మట్టం దగ్గరైనా ఒకేలా ఉంటే దోషం కప్పు మోసుకు తిరుగుతున్నదే. నీరో, లీకైన గదో, నిచ్చెనో, కింద చిక్కిన వాయువో అయ్యుండాలి. ఒక ఎత్తు దగ్గర మొదలై ఇంకో ఎత్తు దగ్గర సర్దుకుంటే దోషం గోడదో, స్తంభానిదో. ఈ ఒక్క తేడా తెలియక గోడ వంకరకు పాంటూన్ అతుకులు వేసేవాళ్లుంటారు.

మళ్లీ కొలవడానికి మట్టం మార్చాలన్నాను కదా, ఒక షరతు. వాలు పెరుగుతోందనిపిస్తే, సీలు మీదికి పెట్రోలు వచ్చి ఉంటే, అసలు మట్టం కదపకూడదు. ముందు లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ ఆపాలి. తర్వాత ఎవరినీ కప్పు మీదికి దించకూడదు. లోతుగా దిగిన కప్పు పైభాగం ఒక మూసిన గదితో సమానం, ఆవిరి బరువుగా అక్కడే నిలుస్తుంది. గాలిలో ఆవిరి శాతం కొలిచాకే ఏ అడుగైనా వేయాలి. ముందుజాగ్రత్త పేరుతో నురుగు, నీళ్లు కప్పు మీద కుమ్మరించడం ఇంకో తప్పు. మునగబోయే కప్పుకు బరువు చేర్చినట్టవుతుంది. నురుగు పంపులు సిద్ధంగా ఉండాలి, అవసరమైనప్పుడే వాడాలి. కప్పు మీది నీటిని గాలితో నడిచే పంపులతో నెమ్మదిగా, పల్లం వైపు నుంచి తోడాలి. పంపుకూ గొట్టానికీ భూమికి తీగ కలపడం మరవకూడదు. ఎత్తుగా ఉన్న వైపు బరువు పెట్టి సరిచేద్దామనే ఆలోచన ప్రతిచోటా ఎవరికో ఒకరికి వస్తుంది. కారణం తెలియకముందు అది చేస్తే ఒక దోషాన్ని ఇంకో దోషంతో కప్పడమే. ఒరిగిన కప్పును కాళ్ల మీదికి దింపడం అంతకంటే చెడ్డది. ఒకవైపు కాళ్లు ముందు తగిలి, మొత్తం బరువు వాటి మీద పడి వంగిపోతాయి, కొన్నిసార్లు అడుగు రేకును పొడుస్తాయి. కప్పు చదునైందని నమ్మకం కలిగాకే ట్యాంకును ఖాళీ చేసి, ఆవిరి పోగొట్టి, అతుకుల మీద సబ్బునీళ్లు రాసి వాక్యూమ్ పెట్టెతో లీకులు వెతకాలి.

డ్రెయిన్ వాల్వు గురించి ఒక మాట. ట్యాంకు బయట ఉండే ఈ వాల్వు మూసి ఉంచాలా, తెరిచి ఉంచాలా అన్న వాదన టర్మినళ్లలో ఎప్పటికీ తెగదు. తెరిచి ఉంచితే, లోపలి గొట్టం చిరిగిన రోజున పెట్రోలు దాని గుండా ట్యాంకు చుట్టూ కట్టిన డైక్ గోడల మధ్యకు పారుతుంది. మూసి ఉంచితే, అర్ధరాత్రి వానకు ఎవరూ వెళ్లి తెరవకపోతే కప్పు మునుగుతుంది. 2009 అక్టోబరు 29న జైపూర్ సీతాపుర ఇండియన్ ఆయిల్ టర్మినల్‌లో లీకైన పెట్రోలు ఆవిరి పేలి, 11 ట్యాంకులు రోజుల తరబడి కాలాయి. దాన్ని గుర్తుంచుకున్నవాళ్లు మూసి ఉంచడమే మేలంటారు. నేనూ అటే, కానీ వాన పడ్డ రాత్రి వాల్వు తెరవడానికి పేరుపెట్టి ఒక మనిషిని కేటాయించిన చోట మాత్రమే. మనిషిని పెట్టకుండా వాల్వు మూయడం జాగ్రత్త అనిపించుకోదు.

ఇది చదివేవారిలో టర్మినళ్లలో పనిచేసే ఇంజినీర్లు, ఆపరేటర్లు ఉంటే వారికి ఒక విన్నపం. నెలకోసారి ఎనిమిది కొలతలు ఒక నోట్‌బుక్కులో రాయండి, పక్కనే ఆ రోజు ద్రవమట్టం కూడా. మే నెలాఖర్లో కప్పు మీది డ్రెయిన్ జాలీకి పట్టిన దుమ్ము, పావురాల గూళ్లు తీసి, దానిలో నీళ్లు పోసి, కింద వాల్వు దగ్గర అవి ఎంతసేపటికి పడుతున్నాయో చూడండి. పడకపోతే మొదటి వాన రాకముందే బాగుచేయించండి.